ఎడమ కిటికీలో ఎండ

పిచ్చుక ఎక్కిన విమానం మాట్లాడటం మానేసిందన్న సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు. తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఆ ఇంటి కోడలు, తలుపు బయట చెప్పులు విడుస్తూ నిలబడి ఉంది. పోయిన వారం మనం ఆమెను వదిలింది అక్కడే.

పిచ్చుక ఆమె ఆడపడుచు. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. పుట్టిన దగ్గర్నుంచీ నోరు మూతపడదని వాళ్ళ నాన్న పిలిచిన పిలుపే ఇంట్లో స్థిరపడిపోయింది. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. రోజంతా తాళ్ళకి వేలాడే పెట్టెల్లో పైకీ కిందకీ తిరిగే ఆ పిల్లకి విమానమంటే మాత్రం ప్రాణభయం. కొత్త మెషీన్ల పని నేర్చుకురమ్మని సముద్రం అవతల దక్షిణాన ఉన్న ఊరికి కంపెనీ పంపుతానన్నప్పుడు పిల్ల పెట్టిన షరతు ఒక్కటే. "వదినా, నువ్వు కుర్చీలో ఉండే రోజు చూసి టికెట్ తియ్యి. నువ్వు చూస్తూంటే నాకేం కాదు."

వదిన కుర్చీ విమానాల కంపెనీలో, కిటికీలు లేని ఒక పొడుగాటి గదిలో ఉంది. సముద్రాల మీదా ఎడారుల మీదా రాడార్ అందదు. అలాంటి చోట్ల ఎగిరే విమానం పావుగంటకోసారి, పైనున్న ఉపగ్రహం ద్వారా, నేనిక్కడున్నాను అని తనంతట తానే కబురు పంపుతుంది. ఆ కబుర్లు వస్తున్నాయా లేదా అని తెర మీద కనిపెట్టుకుని ఉండటమే ఆమె ఉద్యోగం. కబురు పంపే విమానం తెర మీద ఆకుపచ్చగా ఉంటుంది. రావలసిన కబురు రాకపోతే కంప్యూటరు చేతులు ముడుచుకుని కూర్చోదు. ఇదే వేగంతో ఇదే దారిలో పోతూంటే ఈపాటికి ఇక్కడ ఉండాలి అని లెక్క కట్టి, బొమ్మను తనే ముందుకు జరుపుతూ ఉంటుంది. రంగు మాత్రం బూడిద రంగుకి మారుస్తుంది. కొత్తగా చేరిన వాళ్ళెవరో ఒకసారి "సార్, నా విమానం బూడిదైంది!" అని కేక పెడితే గదిలో అందరికీ కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఆ రోజునుంచీ అక్కడ ఆ మాట నిషేధం. 'మబ్బేసింది' అనాలి. మబ్బు వేయడం కొత్తేమీ కాదు. తొలగి మళ్ళీ పచ్చబడటమూ కొత్త కాదు.

ఈ మధ్యాహ్నం పిచ్చుక విమానానికి వేసిన మబ్బు తొలగలేదు. పిలిస్తే పైలట్లు పలకలేదు. విమానంలో సొంతవాళ్ళున్నారని తెలిసిన మరుక్షణం డ్యూటీ సారు ఆమెను కుర్చీలోంచి లేపారు. రూలు అది. మామూలు రోజుల్లో ఎవరికీ గుర్తు రాదు.

"ఇంటికెళ్ళమ్మా. కంపెనీ నోటితో చెప్పేదాకా మీ వాళ్ళకి ఒక్క ముక్క చెప్పొద్దు. తెలియని దానికి ఏమని ఏడవమంటాం వాళ్ళని?" అన్నారు.

ఆమె తలుపు తోసింది.

"ఏమ్మా, అప్పుడే వచ్చేశావ్! మీ డ్యూటీ సారుకి జాలి పుట్టిందా, లేకపోతే పని మానెయ్యమన్నాడా?" మామగారు కుర్చీలో ముందుకి వంగి అడిగారు. రిటైరయ్యేదాకా ఆయన బస్సు డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఏ వేళకి ఎక్కడుందో చెప్పడమే ఆయన బతుకంతా. అందుకని కోడలి ఉద్యోగమంటే ఆయనకి వల్లమాలిన ఇష్టం. మనిద్దరిదీ ఒకే కులమమ్మా, నావి నేల మీద తిరిగాయి, నీవి గాల్లో తిరుగుతాయి, అంతే తేడా అంటారు వచ్చిన వాళ్ళందరి ముందూ.

"తలనొప్పి మామయ్యా. సెలవు పెట్టి వచ్చేశాను."

"తలనొప్పి పోయే మందు నా దగ్గరుంది, ఇలా రా." ఆయన ఫోను ఆమె కళ్ళ ముందు పెట్టారు. "చూడు నీ ఆడపడుచు. ఎంత బుద్ధిగా పోతోందో!"

నీలం రంగు సముద్రం. దాని మీద పసుపు రంగు విమానం బొమ్మ, తోక వెనక సన్నని గీత. ఎవరైనా ఉచితంగా పెట్టుకోగలిగే ఆప్ అది. అందులో పచ్చా బూడిదా తేడా ఉండదు. కబురు వచ్చినా రాకపోయినా బొమ్మ పసుపుగానే ఉంటుంది, ముందుకే పోతుంది. ఆమె చూస్తుండగానే అది ఒక చిన్న గెంతు గెంతి ఇంకాస్త దక్షిణానికి జరిగింది.

"చూశావా! గాలి కూడా కలిసొచ్చినట్టుంది. అనుకున్న వేళకంటే ముందే దింపేస్తాడు," అన్నారు మామగారు.

ఆమె ఫోను మీంచి చూపు తిప్పుకుంది. "మొహం కడుక్కుని వస్తాను," అని స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో భర్తకి ఫోన్ చేసింది. స్విచాఫ్. కాలేజీలో పరీక్షల డ్యూటీ, ఫోన్లు బయట పెట్టించి గాని లోపలికి పంపరు. సాయంత్రం దాకా దొరకడు. తొట్టి అంచు మీద కూర్చుంది. నీళ్ళు బకెట్ నిండి పొర్లి ఆమె పాదాల మీదుగా పారుతున్నాయి. లేచి కట్టేయాలన్న సంగతి తెలుస్తూనే ఉంది గాని లేవలేదు. ఈ తలుపు తీసుకుని బయటకి వెళ్ళాలి. వెళ్ళి మామూలుగా నడవాలి. ఆ బొమ్మ తన దారిన తాను సముద్రం దాటి, ఒడ్డు చేరి, దిగినట్టు కనబడేదాకా మామగారి పక్కన కూర్చుని, అవును మామయ్యా, అవును మామయ్యా అంటూండాలి.

"నీళ్ళన్నీ అక్కడే ధారపోస్తావా అమ్మాయ్?" అత్తగారి గొంతు.

ఆమె కుళాయి కట్టేసి బయటకి వచ్చింది.

అత్తగారు హాల్లో దివాన్ మీద ఆరిన బట్టలు పోసుకుని మడతలు పెడుతోంది. చాలావరకు పిచ్చుక బట్టలే. బయల్దేరే ముందు ఇది కాదు అది, అది కాదు ఇది అంటూ అన్నీ తీసి పారేసి పోయింది. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి గదంతా పసుపు పసుపుగా ఉంది.

"ఆ చీర కొస పట్టుకో," అంది అత్తగారు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దులిపారు. "నిన్నొకటి అడగాలని పొద్దుట్నుంచీ చూస్తున్నాను. కాదులే, పొద్దుట్నుంచి కాదు, ఇందాకట్నుంచి. ఇన్నేళ్ళుగా ఆ ఆఫీసులో చేస్తున్నావు కదా, ఇంటి ఆడపిల్లకి ఒక మంచి సీటు ఇప్పించలేకపోయావా?"

"మంచి సీటే అత్తయ్యా. ఎడమవైపు కిటికీ. మీరేగా అడిగారు, ఎండ పడని వైపు కావాలని."

"నేనూ అదే అన్నాను దాంతో. మీ వదిన చూసి చూసి ఇప్పించిందే అన్నాను. అది నామీద విరుచుకుపడింది. ఇదిగో, నువ్వే చదువు." అత్తగారు జాకెట్టు మడత ఒడిలో పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఫోను వెతికి తీసి, చదువు అన్నది మరిచిపోయి తనే పెద్దగా చదివింది. "అమ్మా, వదినతో చెప్పు. ఎండ పడని వైపు అంది, అరగంట నుంచి ఎండంతా నా మొహం మీదే. కిటికీ రెప్ప ఇరుక్కుపోయింది, కిందకి దిగట్లేదు. నల్లగా మాడి దిగుతాను. నాకు పెళ్ళి కాకపోతే వదినదే బాధ్యత." అత్తగారికి నవ్వొచ్చింది. "పైగా ఏడుపు బొమ్మ ఒకటి పెట్టింది చివర్న. విమానంలోంచి కూడా మెసేజిలు పెట్టొచ్చట కదా, మాయదారి కాలం."

ఆమె చేతిలోంచి చీర కొస జారిపోయింది.

"అదేంటే, కింద పడేశావ్! ఇప్పుడే ఉతికింది."

"ఎప్పుడొచ్చింది అత్తయ్యా అది? ఆ మెసేజ్."

"ఇందాక. టీ పెట్టుకుంటూంటే."

"టైమ్ ఉంటుంది పక్కన. చూడండి. ఇటివ్వండి, నేను చూస్తాను."

మూడుంపావు. ఆఫీసు తెర మీద ఆకుపచ్చ పోయింది ఒకటిన్నర దాటాక.

అంటే విమానం ఉంది. మూడుంపావుకి గాల్లో ఉంది. పిచ్చుక కిటికీ పక్కన కూర్చుని వదిన మీద జోకులు వేసేంత నిబ్బరంగా ఉంది. మెసేజిలు మోసే వైఫై వేరు, విమానం జాడ చెప్పే పెట్టె వేరు. వైఫై కంపెనీ వాళ్ళని అడిగాం, ఇంకా పలకలేదు అని వచ్చేటప్పుడు ఎవరో అనడం ఆమె చెవిన పడింది. ఒక్క క్షణం ఆమెకి గొంతులోంచి ఊపిరి మొత్తం బయటకి వచ్చినట్టయింది. ఆ వెంటనే, వచ్చిన ఊపిరి వచ్చిన దారినే లోపలికి పోయి గడ్డకట్టింది.

ఎండ.

ఆమె వెళ్ళి గది మధ్యలో నిలబడింది. వీధి గుమ్మం దక్షిణం. గుమ్మం వైపు మొహం పెట్టి నిలబడితే కిటికీలోంచి వచ్చే ఎండ కుడి చెంప మీద పడింది. విమానం దక్షిణానికి పోతోంది. మధ్యాహ్నం తిరిగాక ఎండ కుడివైపు కిటికీల్లో పడాలి. అందుకే పిల్లకి ఎడమవైపు తీసింది తను. ఆమె మెల్లగా, నేల జారుతుందేమో అన్నట్టు, అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగింది. వీపు మీద ఎండ. ఇంకా తిరిగింది. వంటగది గుమ్మానికి ఎదురుగా, సరిగ్గా ఉత్తరానికి మొహం పెట్టినప్పుడు, ఎడమ చెంప వెచ్చబడింది.

"ఏంటమ్మా, గిరగిరా తిరుగుతున్నావ్? తలనొప్పి ఎక్కువైందా?" అన్నారు మామగారు, ఫోన్లోంచి తల ఎత్తి.

ఆమె అక్కడే నిలబడి లెక్క వేసుకుంది. ఏ మేఘాన్నో తప్పించుకోడానికి పక్కకి తిరిగిన విమానంలో అరగంట సేపు ఒకే చెంప మీద ఎండ పడదు. విమానాన్ని ఎవరో వెనక్కి తిప్పారు. తిప్పిన వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. పిల్ల ఉత్తరానికి పోతోంది. ఆఫీసు గదిలోని వాళ్ళంతా దక్షిణాన వెతుకుతున్నారు.

డ్యూటీ సారుకి ఫోన్ కలిపింది. వంటింట్లోకి పోయి మాట్లాడాలనుకుంది. రెండడుగులు వేసేలోపే ఆయన ఎత్తేశారు, ఆమె ఆగలేకపోయింది.

"సార్, వెనక్కి తిరిగింది సార్. మా ఆడపడుచు మెసేజ్ పెట్టింది, వాళ్ళమ్మకి. మూడుంపావుకి. మబ్బేశాక ఎంతో సేపటికి సార్! ఎడమ కిటికీలో ఎండ పడుతోందట, అరగంట నుంచీ. ఎడమవైపు పడమరుండాలంటే ముక్కు ఉత్తరానికి ఉండాలి కదా సార్... లేదు సార్, ఆ పిల్లకి ఏమీ తెలియదు. సీటు బాగాలేదని నన్ను తిడుతోంది అంతే... ఆ, పంపుతాను. ఫొటో తీసి పంపుతాను."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి మామగారు ఆమెనే చూస్తున్నారు. అత్తగారి చేతిలో సగం మడిచిన తువ్వాలు అలాగే ఉంది.

మామగారు కిటికీలోంచి ఒకసారి ఆకాశం వైపు చూశారు. "ఎక్కడమ్మా మబ్బు? ఎండ మాడ్చేస్తూంటే?"

కోడలి వైపు తిరిగారు.

"మబ్బేసింది అన్నావు. దేనికి?"

"మామయ్యా..." ఆమె దివాన్ అంచు పట్టుకుని కూర్చుంది. "పిచ్చుక విమానం నుంచి మధ్యాహ్నం కబుర్లు ఆగిపోయాయి. ఎక్కడుందో మాకు తెలియడం లేదు. పైలట్లు పలకడం లేదు."

"తెలియకపోవడమేంటి? ఇదిగో!" ఆయన ఫోను ఆమె వైపు చాచారు. "ఇదిగో పోతోందిగా. నీ వచ్చీరాని మాటలతో వాళ్ళమ్మని హడలగొట్టకు. ఇదేంటి మరి?"

"అది ఊహ మామయ్యా."

"ఊహేంటమ్మా, కదులుతూంటే!"

"కంప్యూటర్ కదుపుతోంది. ఈ వేళకి ఇక్కడుండాలి కదా అని అది అనుకుని, అక్కడ పెడుతోంది. మీరు డిపోలో బోర్డు మీద రాసేవారు చూడండి, ఫలానా బస్సు ఫలానా టైముకి వస్తుందని. అలాంటిదే. బోర్డు మీద రాసినంత మాత్రాన బస్సు వచ్చినట్టు కాదు కదా."

మామగారి చెయ్యి కిందకి దిగలేదు. ఫోను అలాగే చాచిపట్టుకుని ఉన్నారు. అందులో పసుపు బొమ్మ ఇంకో గెంతు గెంతింది. ఆయన దాన్ని చూశారు. మళ్ళీ కోడలిని చూశారు. బోర్డు మాటతో ఆయనకి అర్థమైంది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అంది అత్తగారు. గొంతు మామూలుగానే ఉంది. దానికే భయం వేసింది ఆమెకి.

"అత్తయ్యా..."

"అడిగిన దానికి చెప్పు."

"ఇంటికి వచ్చేముందే."

"తెలిసి వచ్చావు. వచ్చి తలనొప్పన్నావు. మొహం కడుక్కున్నావు. నేను బట్టలు మడత పెడుతూంటే వచ్చి నాతో పాటు చీర దులిపావు."

"చెప్పొద్దన్నారు అత్తయ్యా. చెప్పడానికి నాకేం తెలుసని? పోయిందని చెప్పనా, ఉందని చెప్పనా?"

"అది నీ కుర్చీని చూసుకుని ఎక్కిందే! ఎక్కను మొర్రో అంటే నేనేగా నచ్చజెప్పాను, వదిన ఉంటుంది పిచ్చిదానా, కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తుంది అని? నువ్వు ఇక్కడున్నావు. మరి అక్కడెవరున్నారే? దాన్నెవరు చూస్తున్నారు?" అత్తగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు రాలేదు. తువ్వాలు వెనకనుంచి ఊపిరి మాత్రం పెద్దగా, ఈలలాగా వినపడుతోంది.

"చూస్తున్నారు అత్తయ్యా. గది నిండా మనుషులున్నారు. నా చేతుల్లో ఉంటే నేను లేచేదాన్నా? లేపేశారు."

"ఊరుకోవే," అన్నారు మామగారు. ఆయన ఫోను బోర్లా పెట్టేశారు, ఇక చూడదలచుకోలేదన్నట్టు. "తర్వాత తిట్టుకుందువుగాని, ఎక్కడికీ పోదు నీ కోడలు. అమ్మా, వెనక్కి తిరిగిందన్నావు. వెనక్కంటే మన వైపేనా?"

"ఉత్తరానికి. మన వైపే అయ్యుండొచ్చు. ఇంకెక్కడికైనా అయ్యుండొచ్చు."

"అయితే మంచిదే కదా? ఏదో చిన్న రిపేరు వచ్చింది. డ్రైవరు తెలివైనవాడు, బండి తిప్పాడు. మా రోజుల్లోనూ..." ఆయన ఆగిపోయారు. బండి తిప్పిన డ్రైవరు ముందు చేసే పని డిపోకి కబురు పెట్టడం. ఆ మాట ఆయన అనలేదు. అనకపోయినా ముగ్గురికీ వినపడింది.

ఫోన్ మోగింది. డ్యూటీ సారు. ఆమె స్పీకరు పెట్టింది. ఇంక దాచేదేముంది?

"అమ్మా, మీరు చెప్పింది పైవాళ్ళకి చెప్పాను. గాలింపు ఉత్తరానికి మళ్ళించే ఆలోచనలో ఉన్నారు. కానీ ఒక్క మెసేజ్ మీద ఓడల్నీ విమానాల్నీ తిప్పడానికి వాళ్ళు వెనకాడుతున్నారు. ఆ పిల్ల మళ్ళీ ఒక్కసారి చెబితే చాలు. ఎండ ఇప్పుడు ఏ వైపుంది, కింద ఏం కనిపిస్తోంది. ఈ రెండే. ఇంకేమీ అడగొద్దు."

"మిగతా ప్రయాణికులు సార్? వాళ్ళ దగ్గర్నుంచి?"

"వాళ్ళ ఇళ్ళకి ఫోన్ చేసి, మీవాళ్ళ మొహం మీద ఎండ పడుతోందా అని ఎలా అడగమంటారు చెప్పండి?" ఆయన గొంతు కూడా స్థిమితంగా లేదు. "జాగ్రత్తమ్మా. అక్కడ పిల్లకి అనుమానం రాకూడదు. ఒకరికి భయం పుడితే విమానమంతా పాకుతుంది. లోపల ఏం జరుగుతోందో మనకి తెలియదు."

లోపల ఏం జరుగుతోందో. ఆ మాట గదిలో ఉండిపోయింది, ఫోను పెట్టేశాక కూడా.

ఆమె అత్తగారి ఫోను అందుకోబోయింది. అత్తగారు వెనక్కి లాక్కుంది.

"నా ఫోను. నా కూతురు. నేను రాస్తాను."

"సరే అత్తయ్యా. ఇలా రాయండి. ఎండ ఇంకా..."

"నువ్వాగు. ఎత్తుకోగానే ఎండెక్కడుందని నేను ఏనాడైనా అడిగానా? దానికి వెంటనే అనుమానం వస్తుంది. నేను ఎప్పుడు రాసినా ముందు తిన్నావా అనే రాస్తాను. అది తిన్నానులే అని విసుక్కోవాలి. ఆ తర్వాతే ఏదైనా."

కోడలు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తన చదువులో ఇది లేదు.

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని, చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కడం మొదలుపెట్టింది. వేలు జారి 'తి' బదులు 'ది' పడింది. చెరిపింది. మళ్ళీ నొక్కింది. మామగారు లేచి వచ్చి ఆవిడ వెనక నిలబడ్డారు. తొందర పెట్టే అలవాటున్న మనిషి, ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. ఆవిడ రాసింది: తిన్నావా. ఎండ తగ్గిందా లేకపోతే ఇంకా మొహం మీదే ఉందా. కిందకి చూస్తే ఏమైనా కనబడుతుందా లేక అన్నీ మేఘాలేనా.

"పంపనా?"

"పంపండి."

ఒక టిక్కు పడింది. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేయడానికి కిక్కు కొడుతున్నారు. అది అందుకోవడం లేదు. కొడుతూనే ఉన్నారు. పైవాటాలో పిల్లలెవరో పరిగెత్తుతున్నారు. ముగ్గురూ చిన్న తెర మీదకి వంగి ఉన్నారు, చలి మంట చుట్టూ చేరినట్టు. ఎవరి ఊపిరి ఎవరి చెంపకి తగులుతోందో తెలియడం లేదు.

రెండో టిక్కు.

"అందింది!" మామగారు కోడలి భుజం గట్టిగా పట్టుకున్నారు. "అందిందమ్మా. అంటే ఉంది."

తెర పైన, పిచ్చుక ఫొటో పక్కన, 'టైప్ చేస్తోంది' అని వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. రోజుకి వంద మెసేజిలు పెట్టే పిల్ల, ఆలోచించడమన్నది ఎరగని పిల్ల, ఏదో రాసి చెరుపుతోంది.

చివరికి జవాబు వచ్చింది. అత్తగారు పెద్దగా చదివింది. ఆవిడకి మనసులో చదువుకోవడం చేతకాదు.

"తిన్నాను. కింద ఏం కనబడుతోందని నువ్వు అడగవు. వదిన అడగమందా?"

పిల్లకి తెలుసు. ఎంత తెలుసో తెలియదు, కానీ తెలుసు. మూడుంపావుకి జోకులు వేసిన పిల్ల కాదు ఇప్పుడు రాస్తున్నది.

"ఏం చెప్పను?" అంది అత్తగారు.

"అవునని చెప్పండి."

అత్తగారు 'అవును' అని రాసి పంపింది. ఈసారి జవాబు వెంటనే వచ్చింది. చదువుతున్నది ఏమిటో తెలిసేలోపే ఆవిడ చదివేసింది.

"అయితే ఫోన్ వదినకియ్యి. నువ్వు చదవకు అమ్మా."

ఆమె చెయ్యి చాచింది. అత్తగారు ఆ చేతివైపు చూసింది. ఫోను ఇవ్వలేదు. రెండు చేతులతో ఇంకా దగ్గరకి, గుండెల దాకా లాక్కుంది. తర్వాత మెల్లగా కిందకి దించి, అందరికీ కనబడేలా ఒడిలో పెట్టుకుంది. పిచ్చుక మడత బట్టల మీద ఫోను వెలుగుతోంది. ఒకదాని కింద ఒకటి వచ్చి పడుతున్నాయి. ఈసారి మాత్రం ఆవిడ పైకి చదవలేదు. ముగ్గురూ ఎవరికి వాళ్ళు చదువుకున్నారు.

వదినా ఎండ ఎడమవైపే ఉంది.

ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పడం లేదు. ఏమైందని అడిగితే బెల్టు పెట్టుకోమంటున్నారు. ఇందాకట్నుంచి ఎయిర్ హోస్టెస్ అమ్మాయిలు కూడా కనబడటం లేదు.

చాలా కిందకి వచ్చేశాం. అలలు విడివిడిగా కనబడుతున్నాయి. వాటి మీద నురగ కూడా కనబడుతోంది.

నురగ. ఆమె కళ్ళు ఆ మాట దగ్గరే ఆగిపోయాయి. ఎక్కడా దిగే చోటు లేని సముద్రం మీద, ఒడ్డు ఏ వైపునా దగ్గర లేని చోట, కిటికీలోంచి నురగ కనబడేంత కిందకి ఏ విమానమూ ఊరికే రాదు. డ్యూటీ సారుకి పంపాలి. ఇప్పుడే, ఈ క్షణమే పంపాలి. కానీ తెర మీద ఇంకో మెసేజ్ వచ్చి పడింది.

వదినా, మేమెక్కడున్నామో మీకు తెలుసా?

మామగారు ఆమె భుజం మీది చెయ్యి తీసేశారు. అత్తగారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఫోను చేతుల్లోకి తీసుకుంది. చూపుడువేలు తెర మీద గాల్లో ఆగింది. ఇందాక అబద్ధమాడినందుకు కోడలిని నిలదీసిన మనిషి, ఇప్పుడు తలెత్తి ఆ కోడలి కళ్ళలోకే చూసింది.

"తెలుసని రాయనా?" అంది.